దేశసాత్మ్యము, ప్రకృతిసాత్మ్యము

నిజామాబాదు నుండి బోధనుకు పోవువారికి నేడు ముందుగా స్ఫురించునది నిజాంసాగరు నీటిచే పెరిగిన చెఱకును, 2015లో మూతపడిన శక్కర్‌నగర్ షుగర్ ఫ్యాక్టరీయును. కాని షోడశ మహాజనపదములలో దక్షిణాపథమునకు చెందిన ఏకైక జనపదమగు అశ్మకమునకు రాజధానియైన పోదనము ఈ బోధనేయని చరిత్రకారులలో పెక్కురు తలచిరి. పిదప ఈ గోదావరీ సీమ శాతవాహనుల ఏలుబడిలోనికి వచ్చెను. ఆ వంశపు రాజొకడు కామసూత్రమున ఒక దుర్ఘటనకు ఉదాహరణముగా నిలిచిన సంగతి మాత్రము మన స్థలచరిత్రలు సాధారణముగా దాటవేయును.

కుంతల శాతకర్ణి తన మహాదేవియగు మలయవతిని కేళీసమయమున ‘కర్తరి’ యను దెబ్బతో చంపెనని కామసూత్రకర్త వాత్స్యాయనుడు వ్రాసెను. అది శిరమున వేయు చేతిదెబ్బయని వ్యాఖ్యాత యశోధరుడు తెలిపెను. ఇట్లే చోళరాజు చిత్రసేన యను గణికను చంపెననియు, చేయి వంకరగల నరదేవుడు గురితప్పి ఒక నటి కంటిని పోగొట్టెననియు అచ్చటనే కలదు. ఇట్టి దెబ్బలు దాక్షిణాత్యుల యాచారములని చెప్పి, ఆర్యులకు తగనివని ఆయన గర్హించెను. అయినను ఆయన తాడనమును సమూలముగా నిషేధింపలేదు: స్త్రీ మార్దవమును, చండత్వమును, బలమును, తన బలమునుగూడ ఎఱిగి ప్రయోగింపవలెనని విధించెను. వేగాంధమైన గుఱ్ఱము దారిలోని గోతిని కానదని ఆయన చెప్పిన పోలిక ఈ సందర్భముననే.

ఆ ప్రకరణమునకు ముందే, దేశాచారముకంటె వ్యక్తి స్వభావమే బలీయమను పూర్వాచార్యుడు సువర్ణనాభుని మతము పేర్కొనబడినది. నా దృష్టిలో ఆ శాస్త్రమంతటిలో మిక్కిలి దూరము చూచిన వాక్యమదే. పద్మిని, హస్తిని యని మనుష్యులను గంపలలో పోసిన తరువాతి రతిశాస్త్రములకు ఈ చూపు లేకపోయెను.

పాశ్చాత్యులలో, పందొమ్మిదవ శతాబ్దపు చివర మనోవైద్యుడు క్రాఫ్ట్-ఎబింగు బాధాసుఖములను రోగముల పట్టికలో చేర్చెను. పరస్పర సమ్మతిగల పెద్దల అభిరుచి వేఱు, రుగ్మత వేఱు అని అమెరికా మనోవైద్యుల రోగనిర్ధారణ గ్రంథము స్పష్టముగా విడదీసినది 2013 నాటి కూర్పులో. ఆటిజము గలవారికి స్పర్శ, ధ్వని మున్నగునవి ఇతరులకంటె అధికముగనో అల్పముగనో తోచుననుట లక్షణములలో చేరినదియు ఆ కూర్పుననే. ఆటిజము గల శాస్త్రజ్ఞురాలు టెంపుల్ గ్రాండిన్, మెత్తని స్పర్శను సహింపలేకయు గట్టి ఒత్తిడిచే శాంతిని పొందుచు, అందుకై యౌవనముననే ఒక యంత్రమును నిర్మించుకొనెను. అది కామమునకు సంబంధించినది కాదు, కాని ఒకే స్పర్శ ఇద్దఱి దేహములలో ఒకే అర్థమును పొందదనుటకు చక్కని సాక్ష్యము. ఆటిజము, ఏడీహెచ్‌డీ గల పెద్దలు కొందఱు బాధాసుఖముల కేళి తమకేల నచ్చునో తామే వ్రాసికొనిరి: బిగుతైన కట్టు మనస్సును కుదుటపఱచుననియు, ఎవరేమి చేయవలెనో ముందే మాటాడుకొనుటచే ఎదుటివారి ముఖకవళికలను ఊహించు ప్రయాస తప్పుననియు. ఇది అందఱికిని వర్తింపదు. చిన్న తాకిడియే భరింపరానివారును వీరిలో కలరు.

ముందే మాటాడుకొనుట యను ఈ రెండవ కారణముచే చూచినచో కామసూత్రమున పెద్ద లోపము కనబడును. ‘చాలు’, ‘విడువుము’ అను అర్థముగల పలుకులను ఆ శాస్త్రము సీత్కారములలో, అనగా కేళిలో భాగముగా లెక్కించెను. మాటను మాటగానే గ్రహించువానికి ఇది పెనుచిక్కు. నిజముగా వలదనుదానికి అంతకంటె ప్రమాదము. నేటివారు కేళితో పొత్తులేని ఒక మాటను ముందుగా ఒప్పుకొని, అది వినబడగానే ఆపుదురు. ఉద్వేగమున నోరు పెగలనివారు చేతిలో బంతినో తాళపుచెవులనో పట్టుకొని, అవి జారవిడుచుటనే సంకేతముగా చేసికొందురు. వాత్స్యాయనుడు స్త్రీకి చెప్పిన ప్రతీకారము వేఱు: వారించినను పురుషుడు గాయపఱచినచో, సహింపక దానినే రెట్టింపుగా తిరిగి చేయుమనెను. పంటిగాటునకు అది చాలునేమో గాని, తలపై పడిన కర్తరికి చాలదు.