ఇందులో నిజమెంత?

చారిత్రక నవల చదివి ముగించిన పాఠకుడు మొట్టమొదట అడిగేది ఒకటే: ఇందులో జరిగిందెంత, కల్పించిందెంత? సాంఘిక నవలకు ఈ బాధ లేదు. చిలకమర్తి 'గణపతి' లాంటి మనిషి నిజంగా ఉన్నాడా అని ఎవరైనా ఆరా తీసినా అది కుతూహలమే. లేడని తేలినంత మాత్రాన నవలకు వచ్చే లోటేమీ లేదు. రుద్రమదేవి మీద రాసిన నవల సంగతి వేరు. అక్కడ పాఠకుడు కథను ఆనందించడమే కాదు, కథ చెప్పిన చరిత్రను నమ్ముతాడు కూడా. ఈ ప్రశ్నను అరసికత కింద కొట్టిపారేసే రచయితలు, విమర్శకులు మన దగ్గరా బయటా చాలామందే ఉన్నారు. నవలను నవలగా చదువుకోక ఈ లెక్కలెందుకని వాళ్ల వాదన. రెండు వందల ఏళ్ల చారిత్రక నవల పరిణామాన్ని చూస్తే ఈ వాదన నిలవదు. పాఠకుడు నిలదీసిన ప్రతిసారీ ఈ ప్రక్రియ తన పద్ధతిని తాను తెలుసుకుంది. సూటిగా జవాబు చెప్పిన రచయితలే దాన్ని ముందుకు నడిపారు.

వాల్టర్ స్కాట్ 1814లో 'వేవర్లీ'ని తన పేరు లేకుండా అచ్చువేశాడు. అయినా ఆ పుస్తకంలోనే సంజాయిషీ మొదలైంది. చివరి అధ్యాయంలో కథ ఆపి, నమ్మశక్యం కానంత అద్భుతంగా తోచే ఘట్టాలకే వాస్తవమైన ఆధారం ఉందని చెప్పుకున్నాడు. 'ఐవన్‌హో'కు వచ్చేసరికి ఒక కల్పిత పండితుడు మరో కల్పిత పండితుడికి రాసిన ఉత్తరం రూపంలో పీఠిక పెట్టాడు. పన్నెండో శతాబ్దపు భాషను యథాతథంగా దింపితే చదివేవాడికి మింగుడుపడదనీ, మనుషుల రాగద్వేషాలు అన్ని కాలాల్లోనూ చాలావరకు ఒకటే గనుక ఆ ఉమ్మడి నేల మీద నిలబడి రాయవచ్చనీ అందులోని వాదం. 1827లో ఎడింబరోలో ఒక విందులో ఆ నవలల కర్త తానేనని బహిరంగంగా ఒప్పుకున్న తరువాత, 1829 నుంచి వాటన్నిటినీ కొత్త ముందుమాటలతో, వివరణలతో మళ్లీ ప్రచురించాడు. నా దృష్టిలో ఆ సంపుటాలు పాఠకుల ఆక్షేపణలకు ఒక రచయిత వరుసగా చెప్పుకున్న జవాబుల పుస్తకం. ఐవన్‌హోను యూదు యువతి రెబెకాకు ఇచ్చి పెళ్లి చేయలేదేమని అడిగిన పాఠకురాళ్లకు, ఆ కాలపు మతద్వేషాల మధ్య అలాంటి పెళ్లి దాదాపు అసంభవమని చెప్పాడు. టెంప్లర్ యోధుడి వెంట ఆఫ్రికన్ బానిసలుండటమేమిటన్న ఆక్షేపణకు, తాము పోరాడిన ఆసియా యోధుల విలాసాలను అనుకరించినవాళ్లకు అది సహజమేనని బదులిచ్చాడు. చనిపోయాడనుకున్న ఏథెల్‌స్టేన్ మళ్లీ లేచి రావడం గురించి మాత్రం, ముద్రాపకుడైన మిత్రుడు బతిమాలితే అలా రాశానని దాచకుండా చెప్పేశాడు. ఒకచోట కాలధర్మం, ఒకచోట సంభావ్యత, ఒకచోట కేవలం మిత్రుడి మాట. ఈ మూడింటినీ కలగాపులగం చేయకుండా వేటికవి విడిగా చెప్పడంలోనే స్కాట్ గొప్పతనం ఉంది. 1560లో చనిపోయిన ఏమీ రాబ్సార్ట్‌ను 1575 నాటి కెనిల్‌వర్త్ ఉత్సవాలకు తీసుకొచ్చినవాడూ ఆయనే. కనుక ఆయనను చరిత్రకు కట్టుబానిస అని ఎవరూ అనలేరు. పాఠకులతో ఈ సంబంధం ఆయనకు ముడిసరుకునూ తెచ్చిపెట్టింది. 'ది హార్ట్ ఆఫ్ మిడ్‌లోథియన్'లోని జీనీ డీన్స్ కథకు మూలం హెలెన్ వాకర్ అనే పేదరాలి వృత్తాంతం. దాన్ని ఉత్తరంలో రాసి పంపింది ఒక పాఠకురాలే.

స్కాట్‌ను అభిమానించిన ఇటలీ రచయిత మంజోని ఈ ప్రశ్నను అందరికంటే లోతుగా, అందరికంటే బాధగా ఆలోచించాడు. 'ప్రొమెస్సీ స్పోజీ' 1827లో వచ్చింది; ఇటలీ గద్యానికి అది దిక్సూచి అయింది. కానీ 1850లో వెలువరించిన వ్యాసంలో ఆయన తన ప్రక్రియనే తప్పుపట్టాడు. నిజమేదో కల్పనేదో తేల్చి చెప్పలేదని కొందరు పాఠకులు నిందిస్తారు. తేల్చి చెప్పడం వల్ల కథ ముక్కలైందని మరికొందరు నిందిస్తారు. ఇద్దరిదీ న్యాయమైన కోరికే, రెండూ ఒకే పుస్తకంలో తీరవు, కనుక చారిత్రక నవల తనలో తాను కలహించే ప్రక్రియ అని ఆయన తీర్మానం. ఈ తీర్పును తేలిగ్గా తోసెయ్యలేం. అయితే ఆయన గమనించని మార్గం ఒకటుంది. ఆ రెండు కోరికలూ ఒకే పేజీ మీద తీరనక్కర్లేదు. కథ కథగా నడవవచ్చు, లెక్క కథ బయట చెప్పవచ్చు. విచిత్రమేమిటంటే ఆ పని చేసినవాడూ ఆయనే. ప్లేగు కాలంలో మిలాన్‌లో అమాయకులను హింసించి చంపిన విచారణ వృత్తాంతాన్ని నవలలో ఇరికించకుండా, 1840ల నాటి ముద్రణకు అనుబంధంగా విడిగా రాశాడు.

ఫ్లోబేర్ జవాబులు వేరే రకం. 1862లో 'సలాంబో' రాగానే ఆనాటి ఫ్రెంచి విమర్శకుల్లో అగ్రగణ్యుడైన సెంట్ బువ్ మూడు వ్యాసాల్లో దాన్ని విమర్శించాడు. ఫ్రోనర్ అనే పురాతత్వ పండితుడు అందులోని వివరాలు తప్పులన్నాడు. ఫ్రోనర్‌కు ఫ్లోబేర్ పత్రికాముఖంగా గ్రంథాల పేర్లు ఏకరువు పెట్టి ఘాటుగా సమాధానమిచ్చాడు. సెంట్ బువ్‌కు రాసిన ఉత్తరం దానికంటే విలువైనది. నవలలో శత్రువులు కార్తేజ్ నగరంలోకి చొరబడేది ఒక నీటి కాలువ గుండా. ఆ కాలంలో కార్తేజ్‌లో అలాంటి కాలువే లేదని తన లోపలి నమ్మకమని ఆ ఉత్తరంలో ఒప్పుకున్నాడు. ఈనాడు కనిపించే శిథిలాలు రోమన్ల కాలానివి. కథకు కావలసి వచ్చింది, పెట్టాడు. గ్రంథాల జాబితా ఎంత పొడవున్నా ఈ ఒక్క ఒప్పుకోలు నేర్పినంత అది నేర్పదు. జాబితా రచయిత చదువును చూపిస్తుంది. చదివినదాన్ని ఆయన ఎక్కడ వదిలిపెట్టాడో, ఎందుకు వదిలిపెట్టాడో ఒప్పుకోలే చెబుతుంది.

టాల్‌స్టాయ్ 'యుద్ధము – శాంతి' ఇంకా పూర్తిగా వెలువడకముందే, 1868లో, పాఠకుల ఆక్షేపణలకు ఒక వ్యాసం రాశాడు. ఆ కాలపు బానిసత్వపు క్రౌర్యం కనిపించదేమని ఒకరు, రష్యన్ పుస్తకంలో ఇంత ఫ్రెంచి ఎందుకని ఒకరు, పాత్రల పేర్లు నిజమైన వంశాల పేర్లలా ఉన్నాయని ఒకరు. అన్నిటికీ ఓపికగా బదులిచ్చి, చరిత్రకారుడికీ కళాకారుడికీ తేడా చెప్పాడు. చరిత్రకారుడు ఫలితాన్ని చూస్తాడు, కళాకారుడు ఆ ఘటనలో ఉన్న మనిషిని చూస్తాడు. ఇంతవరకు తిరుగులేని మాట. కానీ దానితో ఆగక, చారిత్రక వ్యక్తులు మాట్లాడిన ప్రతిచోటా తాను కల్పించలేదనీ, ఆధారాల ప్రకారమే రాశాననీ అన్నాడు. ఆ నవలలో వచ్చే బొరోడినో యుద్ధంలో కాలు పోగొట్టుకున్న నొరోవ్ అప్పటికి బతికే ఉన్నాడు. యుద్ధానికి కొద్దిరోజుల ముందు సేనాని కుతూజోవ్ ఫ్రెంచి నవల చదువుతున్నట్టు రాయడాన్ని ఆయన సహించలేకపోయాడు. కుతూజోవ్ ఆత్మను పట్టడానికి ఆ దృశ్యం అవసరమని టాల్‌స్టాయ్ చెప్పి ఉంటే ఎవరూ కాదనలేరు. అంతా ఆధారమే అన్నాడు కనుకనే ఆ వృద్ధ సైనికుడి కోపానికి బలం వచ్చింది.

మన దేశంలో ఈ ప్రశ్న పరాయి పాలన నీడలో పుట్టింది. బంకించంద్రుడు 'ఆనందమఠం' తరువాతి ముద్రణలో సన్యాసుల తిరుగుబాటుకు ఆధారాలు చేర్చి, అసలు పోరాటం తాను రాసిన బీర్భూమ్‌లో కాక ఉత్తర బెంగాల్‌లో జరిగిందనీ, ఒక ఆంగ్ల అధికారి పేరు మార్చాననీ చెప్పి, నవల చరిత్ర కాదు గనుక ఇది పెద్ద దోషం కాదన్నాడు. 1893 నాటి 'రాజసింహ' నాలుగో ముద్రణలో మరింత కచ్చితంగా, 'దుర్గేశనందిని', 'చంద్రశేఖర్', 'సీతారామ్' చారిత్రక నవలలు కావనీ, తాను రాసిన మొదటి చారిత్రక నవల ఇదేననీ ప్రకటించాడు. తన పుస్తకాలను తానే ఇలా వేరు చేసి చెప్పిన రచయితలు అరుదు. అయినా ఆయన జవాబులో ఒక చిక్కుంది. ఆధారాలు చూపించి, వెంటనే ఇది చరిత్ర కాదు అంటే, పాఠకుడు మొదటి మాటనే పట్టుకుంటాడు. 'ఆనందమఠం'ను తరతరాలు చరిత్రగానే చదివాయి. నవల చరిత్ర కాదన్న ఒక్క వాక్యంతో రచయిత బాధ్యత తీరదనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

ఇరవయ్యో శతాబ్దంలో ఈ జవాబు పుస్తకంలో ఒక భాగంగా స్థిరపడింది. రోమన్ చరిత్రకారులైన టాసిటస్‌నూ సూటోనియస్‌నూ కలిపి తన ముందటి నవలగా తిరగరాశాడన్న సమీక్షకులకు రాబర్ట్ గ్రేవ్స్ 1934లో 'క్లాడియస్ ది గాడ్' ముందుమాటలో తాను చదివిన గ్రంథకర్తల పేర్లు చెప్పాడు. 1951లో హేడ్రియన్ చక్రవర్తి ఆత్మకథలా నవల రాసిన మార్గరీత్ యూర్సెనార్, ఏది ఎక్కడ దొరికిందో, ఏ ఖాళీని తాను పూరించిందో చివర వివరంగా రాసింది. నాకు తెలిసినంతలో ఈ ప్రక్రియలో అంతకంటే నిజాయితీ గల అనుబంధం లేదు. అభ్యంతరాలూ బలంగానే వచ్చాయి. 'ది నేమ్ ఆఫ్ ది రోజ్'కు 1983లో అనుబంధం రాసిన ఉంబెర్టో ఎకో, రచయిత తన నవలకు అర్థం చెప్పకూడదన్నాడు. ఆ మాట నిజమే. కానీ ఆ పుస్తకమంతా తాను నవలను ఎలా కట్టాడో చెప్పడానికే రాశాడు. అర్థం పాఠకుడిది, పద్ధతి రచయితది. రెండోది చెబితే మొదటిదానికి భంగం రాదు. 2017లో బీబీసీ రీత్ ఉపన్యాసాలిచ్చి సభికుల ప్రశ్నలకు జవాబు చెప్పిన హిలరీ మాంటెల్, పండితుల మెప్పుకోసం నవల చివర గ్రంథసూచిక తగిలించడాన్ని ఇష్టపడలేదు. నవలాకారుడు చరిత్రకారుడికి క్షమాపణ చెప్పుకోనక్కర్లేదన్న ఆమె ఆత్మగౌరవం మెచ్చదగిందే. అయితే చరిత్రకారుడికి చెప్పే క్షమాపణ వేరు, పాఠకుడికి చెప్పే లెక్క వేరు. అన్ని గంటలు వేదిక మీద నిలబడి ఆమె చెప్పింది ఆ లెక్కే.

తెలుగులో ఈ లెక్క అవసరం మరీ ఎక్కువ, ఎందుకంటే మన మధ్యయుగ చరిత్రకు ఆధారాలు ప్రధానంగా శాసనాలు, అవీ విడివిడిగా. నోరి నరసింహశాస్త్రి 'నారాయణ భట్టు' రాయడానికి ఆ పండితుడి గురించి దొరికినవి నన్నయ భారతావతారికలోని ప్రస్తావన, రాజరాజనరేంద్రుడి నందంపూడి శాసనం, అంతకుమించి దాదాపు ఏమీ లేదు. ఆ కాస్త పునాది మీద అంత కట్టడం లేపడం శాస్త్రిగారి ప్రతిభ. ఆ పునాది ఎంత చిన్నదో తెలిసినప్పుడే పాఠకుడికి ఆ ప్రతిభ విలువ తెలుస్తుంది. అడివి బాపిరాజు 'గోన గన్నారెడ్డి' సంగతి ఇంకా విశేషం. 1294 నాటి రాయచూరు కోట శాసనం గోన గన్నారెడ్డి పక్షాన విఠలనాథుడు ఆదవాని మొదలైన కోటలు గెలిచి, రాయచూరు కోట కట్టించిన సంగతి చెబుతుంది. నవలలోని గజదొంగ ఊసు అందులో లేదు. ఆ గజదొంగ రూపం బాపిరాజు ఇచ్చిందే. 2015 నాటి 'రుద్రమదేవి' సినిమా తరువాత ఎంతోమంది తెలుగువాళ్లకు చరిత్రలోని గన్నారెడ్డి కూడా ఆ గజదొంగే అయ్యాడు. ఆ నవలలోని కాకతీయ రాణి రుద్రమదేవి 1295 దాకా పాలించిందని పాత చరిత్రకారులు రాశారు. ఆనాటి నవలాకారుల చేతిలో ఉన్నదీ ఆ చరిత్రే. ఆ తరువాత వెలుగులోకి వచ్చిన నల్లగొండ జిల్లా చందుపట్ల శాసనం, 1289 నవంబరు నాటికే ఆమె మరణించిందని తేల్చింది. ఈ తేడాకు బాపిరాజును తప్పుపట్టడం అన్యాయం. ఆయన రాసేనాటికి తెలిసిందేమిటి, ఆ తరువాత తేలిందేమిటి అన్నది ఎవరో ఒకరు పాఠకుడికి చెప్పాలి.

ఇదంతా నవలకు సంకెళ్లు వేస్తుందని, రేపటి రచయిత భయపడి ఊహించడమే మానేస్తాడని ఇంకొక అభ్యంతరం. చరిత్ర దీనికి విరుద్ధంగా చెబుతోంది. అందరికంటే వివరంగా లెక్క చెప్పిన స్కాట్, యూర్సెనార్ అందరికంటే ధైర్యంగా కల్పించినవాళ్లు. ఎక్కడ కల్పించానో చెప్పగలిగినవాడికే కల్పించడంలో స్వేచ్ఛ ఎక్కువ. ఈనాడు తెలుగులో చారిత్రక నవలలు రాస్తున్నవారికి, బాపిరాజు, నోరి నవలలను మళ్లీ అచ్చువేస్తున్న ప్రచురణకర్తలకు నా విన్నపం ఇదే: మూలాన్ని ఒక్క అక్షరం ముట్టుకోవద్దు, కథ మధ్యలో అధస్సూచికలు వేయవద్దు, చివర నాలుగు పేజీలు కేటాయించండి. ఏ శాసనం ఏం చెప్పింది, రచయిత ఏం కల్పించాడు, ఆ తరువాత ఏం తేలింది అన్నది చరిత్ర తెలిసిన వారిచేత రాయించి, ఆ పేజీలు లేకుండా చారిత్రక నవలను మళ్లీ అచ్చువేయకండి.