ధార ఉన్నచోటే సంపెంగ

సింహాచలం అనగానే బయటి ఊళ్లవాళ్లకు చందనం గుర్తొస్తుంది. ఆ కొండ కిందున్న మా అడివివరం వాళ్లకైతే అనాస, పనస, సంపెంగ కూడా. కొండ వాలు తోటల్లో పండే వీటికి కొండ మీది గుడిలో అప్పన్న స్వామి దర్శనానికి వచ్చే భక్తులే పెద్ద గిరాకీ. అనాస, పనస సంగతి ఎలా ఉన్నా, సంపెంగ మాత్రం ఎక్కడ పడితే అక్కడ బతికే చెట్టు కాదు.

సంపెంగది మాగ్నోలియా కుటుంబం. ఏ కాలంలోనూ ఆకు పచ్చదనం పోదు. తూర్పు హిమాలయ సానువులు, ఈశాన్య రాష్ట్రాలు, పడమటి కనుమల్లోని తడి అడవులు దాని పుట్టిల్లు. అక్కడ 30 మీటర్లు దాటి పెరుగుతుంది. వేళ్ల దగ్గర తేమ ఆరకూడదు, నీరూ నిలవకూడదు. ఎండలు మాడ్చే విశాఖ తీరాన అలాంటి చోటు మా సింహాచలం కొండ, సింహగిరి మీద దొరికింది. సుమారు 800 అడుగుల ఎత్తున, గుడి చుట్టూ కొండలే. గంగధార, ఆకాశధార అనే ఊటలు ఇటు, మాధవధార అటు. ఊట ఉంది కనక నేల ఎండదు, వాలు కనక నీరు నిలవదు. చందనోత్సవం రాత్రి స్వామికి సహస్ర ఘటాభిషేకం చేసేదీ గంగధార నీళ్లతోనే.

 1516లో కళింగ దండయాత్రలో శ్రీకృష్ణదేవరాయలు ఇక్కడికి వచ్చి స్వామికి నగలు సమర్పించాడు. ఆయన ఆస్థాన కవి నంది తిమ్మన పేరుకు ముందు 'ముక్కు' చేరింది సంపెంగ వల్లే అంటారు. తుమ్మెద తన దగ్గరికి రాలేదని అలిగిన సంపెంగ తపస్సు చేసి ఆడదాని ముక్కుగా పుట్టిందని ఒక పద్యం. అది రామరాజభూషణుడి 'వసుచరిత్ర'లో ఉన్నా, అసలు రాసింది తిమ్మనేనని లోకంలో కథ. కవి చమత్కారానికి శాస్త్రం కూడా కొంత వంత పాడుతుంది. మాగ్నోలియాలు తేనెటీగల కంటే ముందే భూమ్మీదికి వచ్చిన వంశం. వాటి పుప్పొడిని మోసేవి ముఖ్యంగా చిన్న చిన్న పెంకు పురుగులు.

పూత అయ్యాక కాయలు గుత్తులుగా పగిలి, ఎర్రటి కండ పట్టిన గింజలు బయటపడతాయి. వాటిని పిట్టలు తిని దూరాన జారవిడుస్తాయి. గింజ ఎండితే ప్రాణం పోతుంది. రాలిన వెంటనే కండ కడిగేసి తడి నేలలో నాటుకోవాలి. అంటే మొలకెత్తడానికీ తేమే దిక్కు.

ఇప్పుడు మా ఊరు విశాఖ నగరంలో కలిసిపోయింది. కొండ మొదట్లోకి ఇళ్లు వచ్చాయి. సంపెంగ మొక్కలు పంచితే సరిపోతుందనుకునేవాళ్లతో నాకు పేచీ లేదు. కానీ వాననీటిని పట్టి ఊటగా వదిలేది కొండ మీది అడవి. అక్కడ చెట్లు నరికినా, వేసవిలో నిప్పు పెట్టినా, కింది తోటకు ఆ దెబ్బ తగులుతుంది. సింహగిరి సంపెంగ నిలవాలంటే ముందు ధారల పైనున్న అడవిని కాపాడుకోవాలి.