ఓవర్‌టేక్ కాదు, క్లచ్ గెలిపించిన రేసు

ట్రాక్టర్ తోలే ప్రతి ఒక్కరికీ ఇట్టే అర్థమయ్యే రేసు కథ ఇది. జరిగింది అమెరికాలో, ఫ్లోరిడా రాష్ట్రంలోని డేటోనాలో. తేదీ 1976 ఫిబ్రవరి 15.

మనకు ఎడ్ల పందేలు ఎలాగో, అక్కడి దక్షిణాది పల్లెలకు స్టాక్ కార్ రేసులు అలాగ. స్టాక్ కారు అంటే మొదట్లో జనం కొనుక్కునే మామూలు కారే. పోలీసులకు దొరక్కుండా దొంగసారా తోలి చేయి తిరిగిన డ్రైవర్లు కూడా ఈ పందేల్లోకి వచ్చారు. 1948లో బిల్ ఫ్రాన్స్ అనే ఆయన నాస్కార్ సంస్థ పెట్టి వీటికి ఒక పద్ధతి తెచ్చాడు. డేటోనాలో ముందు సముద్రం ఒడ్డున ఇసుక మీద తోలేవాళ్లు, 1959లో పెద్ద ట్రాక్ కట్టారు. ఒక చుట్టు 4 కిలోమీటర్లు, మొత్తం 200 చుట్లు.

ఆ రోజు చివరి చుట్టుకి మిగిలింది ఇద్దరే. ముందు రిచర్డ్ పెట్టీ, వెనకాలే డేవిడ్ పియర్సన్. ముందు బండి గాలిని చీల్చుకుపోతుంటే దాని వెనకాల బండికి గాలి ఎదురు తగ్గుతుంది. ఆ ఊపుతో పియర్సన్ పక్కకు వచ్చి దాటేశాడు. మూల తిరిగేటప్పుడు పెట్టీ లోపలి వైపు నుంచి మళ్లీ దాటబోయాడు. పూర్తిగా దాటకముందే రెండు బండ్లూ రాసుకున్నాయి. రెండూ గోడకు కొట్టుకుని గిర్రున తిరిగాయి.

పెట్టీ బండి గీతకు కాస్త ముందు గడ్డిలో ఆగింది. ఇంజన్ ఆగిపోయింది, ఎంత తిప్పినా స్టార్ట్ కాలేదు.

మరి పియర్సన్? బండి తిరుగుతున్నప్పుడే క్లచ్ తొక్కి పట్టాడు. బండి ఆగినా ఇంజన్ ఆగకుండా ఉండటానికి అదే దారి, మీకు నేను చెప్పక్కర్లేదు. ముందు భాగం నుజ్జయిన బండిని గేరులో వేసి, గంటకు 30 కిలోమీటర్లకు అటూఇటూ వేగంతో ఈడ్చుకుంటూ గీత దాటించాడు. పెట్టీకి రెండో స్థానం.

వాళ్లిద్దరూ 63 రేసుల్లో మొదటి రెండు స్థానాల్లో నిలిచారు. వాటిలో 33 పియర్సన్‌వి, 30 పెట్టీవి. మొత్తం మీద పెట్టీ 200 రేసులు గెలిచాడు, పియర్సన్ 105. కానీ డేటోనా 500లో పియర్సన్ గెలిచింది ఆ ఒక్కసారే.

800 కిలోమీటర్ల పందెంలో చివరి చుట్టులో ఎవరు ఎవర్ని దాటారన్నది లెక్కలోకి రాలేదు. దెబ్బ తగిలిన ఆ క్షణంలో ఎడమ కాలు ఎక్కడుందో, అదే లెక్కలోకి వచ్చింది.