లినక్స్ కెర్నల్‌లో సిగ్నళ్ళు

యునిక్స్ తరహా ఆపరేటింగ్ సిస్టములలో ఏదైనా ఒక సంఘటన జరిగినదని నడుస్తున్న ప్రోగ్రాముకు, అనగా ప్రాసెస్‌కు, కెర్నల్ అందించే చిన్న సూచనను సిగ్నల్ అంటారు. ప్రతి సిగ్నలుకు ఒక పేరు, ఒక సంఖ్య ఉంటాయి. ఉదాహరణకు కీబోర్డుపై కంట్రోల్, సి మీటలను కలిపి నొక్కినప్పుడు సిగ్‌ఇంట్ (2) వెలువడుతుంది. తనకు అనుమతి లేని మెమరీని తాకిన ప్రోగ్రాముకు సిగ్‌సెగ్వి (11) అందుతుంది. సిగ్‌కిల్ (9)ను ఏ ప్రోగ్రామూ అడ్డుకొనజాలదు.

పనిచేయు విధానం

వచ్చిన సిగ్నలును కెర్నల్ ముందుగా పెండింగ్ జాబితాలో నమోదు చేస్తుంది. ప్రాసెస్ కెర్నల్ నుండి యూజర్ స్థాయికి తిరిగి వెళ్ళబోయే సమయంలో ఆ జాబితాను పరిశీలిస్తుంది. ప్రోగ్రాము ఆ సిగ్నలు కొరకు హ్యాండ్లర్ అనే ఫంక్షనును ఏర్పాటు చేసుకొని ఉంటే, రిజిస్టర్ల విలువలను యూజర్ స్టాక్‌పై భద్రపరచి దానిని నడిపిస్తుంది. హ్యాండ్లర్ ముగిసిన పిదప సిగ్‌రిటర్న్ అనే సిస్టమ్ కాల్ పాత స్థితిని పునరుద్ధరిస్తుంది.

చరిత్ర

1979లో విడుదలైన యునిక్స్ 7వ వెర్షనులో హ్యాండ్లర్ ఒకసారి పిలువబడగానే రద్దయ్యేది. దానిని మరల ఏర్పాటు చేసుకొనేలోపు అదే సిగ్నల్ మరొకటి వస్తే ప్రాసెస్ అంతమయ్యే ప్రమాదం ఉండేది. 1983 నాటి 4.2 బీఎస్‌డీ ఈ లోపాన్ని సవరించింది. 1988లో పోసిక్స్ ప్రమాణం సిగ్‌యాక్షన్ అనే పద్ధతిని స్థిరపరచింది. లినక్స్ కూడా దీనినే అనుసరిస్తుంది.

కోడ్ ప్రక్షాళన

లినక్స్ అనేక రకాల ప్రాసెసర్లపై నడుస్తుంది. సిగ్నలును అందించే కోడ్‌లో ఒకే పని చేసే భాగాలు ఒక్కొక్క ప్రాసెసర్ విభాగంలో విడివిడిగా ఉండేవి. ఒకచోట సరిదిద్దిన తప్పు మరొకచోట మిగిలిపోయేది. 2014లో వెలువడిన 3.17 వెర్షనులో ఈ భాగాలను చాలావరకు ఉమ్మడి ఫంక్షన్లకు మార్చారు.

సిగ్నలుతో పాటు దాని కారణాన్ని తెలిపే సిగ్‌ఇన్ఫో అనే నిర్మాణం పరిమాణం 128 బైట్లు. వాస్తవంగా వాడబడేవి సుమారు 48 బైట్లు మాత్రమే. మిగిలిన స్థలాన్ని సున్నాలతో నింపకుండా ప్రోగ్రాముకు అందిస్తే, కెర్నల్ మెమరీలోని పాత సమాచారం బయటకు పొక్కే అవకాశం ఉంది. మరికొన్ని చోట్ల కారణ సంకేతంగా సున్నాను వాడారు. వేరొక ప్రాసెస్ పంపిన సిగ్నలుకు కూడా గుర్తు సున్నాయే కావడంతో, రెండింటికీ తేడా తెలిసేది కాదు. ఎరిక్ బీడర్మన్ 2017, 2018 సంవత్సరాలలో ఈ భాగాలను క్రమబద్ధం చేశాడు. 2018 డిసెంబరులో విడుదలైన 4.20 వెర్షను నుండి కెర్నల్ తన లోపలి అవసరాలకు వేరొక చిన్న నిర్మాణాన్ని వాడుతున్నది.

ప్రోగ్రాములలో జాగ్రత్తలు

కెర్నల్ సక్రమంగా ఉన్నా హ్యాండ్లర్‌లో తప్పు జరగవచ్చు. ప్రింట్‌ఎఫ్, మాలాక్ వంటి ఫంక్షన్ల నడుమ సిగ్నల్ వచ్చి, హ్యాండ్లర్ కూడా వాటినే పిలిస్తే మెమరీ చెడిపోవచ్చు. ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌లో 2006లో సరిచేసిన ఇటువంటి లోపమే తరువాతి మార్పులలో తిరిగి చొరబడి 2024లో బయటపడింది. పాత తప్పు ఎందుకు సరిచేయబడినదో కోడ్‌ను మార్చేవారు తెలుసుకొనవలసిన అవసరాన్ని ఇది సూచిస్తుంది.

ఇవి కూడా చూడండి

యునిక్స్
లినక్స్
ఆపరేటింగ్ సిస్టమ్