పోర్ట్ లూయిస్: పనిచోట్లే చూడదగ్గ చోట్లు

హిందూ మహాసముద్రంలోని మారిషస్‌కు రాజధాని పోర్ట్ లూయిస్. ఊరి నడిబొడ్డును ఒక్క పూటలో కాలినడకన చుట్టి రావచ్చు. ఇక్కడ చూడదగ్గవని చెప్పే చోట్లలో చాలామటుకు పర్యాటకుల కోసం కట్టినవి కావు. రేవు పని, సైన్యం, చెరకు తోటల అవసరాల కోసం పుట్టి, ఆ అవసరాలు తీరాక చరిత్రకు సాక్ష్యాలుగా మిగిలాయి.

1735లో వచ్చిన ఫ్రెంచి గవర్నరు మహే ద లాబుర్దొనే ఈ రేవును తీర్చిదిద్దాడు. పేరు ఆయనది, చెమట మాత్రం మడగాస్కర్ నుంచి, తూర్పు ఆఫ్రికా నుంచి పట్టి తెచ్చిన బానిసలది. ఆనాటి సైనిక ఆసుపత్రి భవనమే నేడు బానిసత్వ చరిత్రను చెప్పే మ్యూజియం. 1810లో దీవి బ్రిటిషు వారి వశమైంది. రెండేళ్లకే, ఫ్రెంచి సైన్యం కవాతు చేసిన షాన్ ద మార్స్ మైదానంలో గుర్రప్పందేలు మొదలయ్యాయి. 1968 మార్చి 12న స్వతంత్ర దేశపు జెండా ఎగిరిందీ ఆ మైదానంలోనే.

1835లో బానిసత్వం రద్దయింది. చెరకు తోటలకు మనుషులు కావలసి వచ్చి, భారతదేశం నుంచి ఒప్పంద కూలీలను రప్పించారు. వారిని దింపుకోవడానికి 1849లో కట్టినదే అప్రవాసీ ఘాట్. దాదాపు నాలుగున్నర లక్షల మంది ఈ దీవికి అలా చేరారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవులో ఓడెక్కిన తెలుగువాళ్లూ వారిలో ఉన్నారు. మారిషస్‌లో ఉగాది నేటికీ ప్రభుత్వ సెలవు దినం. ఘాట్‌లో రాతిమెట్లు, వంటగది, స్నానాల గదుల ఆనవాళ్లు మిగిలాయి. 2006లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

1867 నాటి మలేరియా ఊరి తీరునే మార్చేసింది. కలిగినవాళ్లు క్యూర్‌పీప్ వంటి చల్లని మెట్ట ప్రాంతాలకు తరలిపోయారు. నేటికీ ఎందరో పొద్దున పనికి వచ్చి సాయంత్రానికి బస్సెక్కుతారు. అందుకే ఊరి సందడి చూడాలంటే పగలే రావాలి, అదీ సెంట్రల్ మార్కెట్‌కు. అక్కడి ధాల్‌పూరి బెల్లం లేని బొబ్బట్టు లాంటిది. ఉడికించి పొడిచేసిన శనగపప్పును పిండిలో కూరి, పల్చగా ఒత్తి పెనం మీద కాలుస్తారు. రెండేసి పూరీల్లో చిక్కుడుగింజల కూర, టమాటా గుజ్జు, పచ్చిమిరప పచ్చడి వేసి కాగితంలో చుట్టి ఇస్తారు. పక్కనే సబ్జా గింజలు వేసిన చల్లని పాలు, అలూదా.

ప్రధానంగా షికారుకు, షాపింగుకు వచ్చేవారి కోసం 1996లో వెలిసింది కొదాన్ వాటర్‌ఫ్రంట్. అక్కడి బ్లూ పెన్నీ మ్యూజియంలో 1847 నాటి తపాలా బిళ్లలున్నాయి. వెలుతురుకు రంగు వెలిసిపోకుండా, అసలు బిళ్లల మీద కాసేపే దీపం వేస్తారు. మిగతా వేళల్లో నకళ్లు చూడాల్సిందే. కొదాన్‌లో షికారు బాగానే ఉంటుంది. కానీ ఈ ఊరు ఎవరి రెక్కల కష్టం మీద నిలబడిందో తెలియాలంటే ముందు ఘాట్‌కు, పాత ఆసుపత్రికి వెళ్లాలి.