చర్మంపై ధరించే గ్లూకోజ్ సెన్సార్

చర్మంపై ధరించే గ్లూకోజ్ సెన్సార్ అనగా మధుమేహం ఉన్నవారి శరీరంలో గ్లూకోజ్ స్థాయిని, మాటిమాటికీ వేలు గుచ్చి రక్తం తీయకుండా, రాత్రింబగళ్ళు కొలిచే చిన్న పరికరము. బిళ్ళ వంటి ఈ సెన్సారును సాధారణంగా మోచేతికి పైన, చేయి వెనుక భాగంలో జిగురుతో అంటిస్తారు. ఇది కొలిచేది రక్తంలోని గ్లూకోజ్‌ను కాదు, చర్మం క్రింద కణాల మధ్య ఉండే ద్రవంలోని గ్లూకోజ్‌ను. రక్తంలో వచ్చిన మార్పు ఈ ద్రవంలో కనిపించడానికి సుమారు 5 నుండి 10 నిమిషాలు పడుతుంది. ఈ తేడాను మరచి పరికరం తప్పు చూపుతున్నదని అనుకోవడం సాధారణం.

2023లో ప్రచురితమైన భారత వైద్య పరిశోధనా మండలి అధ్యయనం ప్రకారం దేశంలో సుమారు 10.1 కోట్ల మందికి మధుమేహం ఉన్నది.

చరిత్ర

1962లో అమెరికా శాస్త్రవేత్తలు లేలండ్ క్లార్క్, ఛాంప్ లయన్స్ ఆక్సిజన్ ఎలక్ట్రోడుపై గ్లూకోజ్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ పొరను అమర్చి గ్లూకోజ్‌ను కొలిచే పద్ధతిని వివరించారు. నేటి సెన్సార్లలో చాలావరకు ఈ ఎంజైమ్ మీదనే ఆధారపడినవి. గ్లూకోజ్ ఆక్సీకరణం చెందినపుడు పుట్టే అతి స్వల్ప విద్యుత్తును కొలిచి, దానిని అంకెగా మారుస్తారు.

1999లో అమెరికాలో అనుమతి పొందిన మినీమెడ్ పరికరం మూడు రోజుల రీడింగులను నమోదు చేసేది, వాటిని తరువాత వైద్యుడు చూసేవాడు. 2001లో అనుమతి పొందిన గ్లూకోవాచ్‌ను చేతి గడియారంలా ధరించేవారు. అది సన్నని విద్యుత్ ప్రవాహంతో చర్మం గుండా గ్లూకోజ్‌ను పైకి లాగేది. సూది లేకపోయినా చర్మం ఎర్రబడి దురద పెట్టేది, పైగా చెమట పట్టినపుడు రీడింగులు ఆగిపోయేవి. కొన్నేళ్ళకే అది మార్కెట్టు నుండి తొలగిపోయింది.

అమర్చే విధానం

2014లో ఐరోపాలో వచ్చిన ఫ్రీస్టైల్ లిబ్రే ఈ పనిని ఎంతో తేలిక చేసింది. సెన్సారును అప్లికేటర్ అనే డబ్బాలో అమర్చి, చేతికి ఆనించి ఒక్కసారి నొక్కితే లోపలి సూది చర్మంలోకి దిగి వెంటనే వెనక్కి వచ్చేస్తుంది. సుమారు 5 మిల్లీమీటర్ల పొడవున్న మెత్తని తీగ మాత్రమే లోపల ఉండిపోతుంది. పైన కనిపించే బిళ్ళ వ్యాసం 35 మిల్లీమీటర్లు, మందం 5 మిల్లీమీటర్లు. ఒంటరిగా ఉండే వృద్ధులు సైతం ఒక చేత్తో పెట్టుకోగలగడం దీని ముఖ్య సౌలభ్యం. 14 రోజుల వరకు పనిచేసే ఈ సెన్సారును వేలి రక్తంతో సరిచూసి దిద్దవలసిన అవసరం లేదు. భారతదేశంలో ఇది 2020లో విడుదలైనది.

అసలు చిక్కు జిగురుతోనే. చర్మంపై నూనె, వెంట్రుకలు, తడి ఉంటే సెన్సారు ముందే ఊడిపోతుంది. మరీ గట్టి జిగురైతే చర్మం రేగుతుంది. ఐసోబోర్నైల్ ఆక్రిలేట్ అనే పదార్థం కొందరిలో చర్మపు అలర్జీకి కారణమని 2017లో వెల్లడైంది.

లాడ్ బజార్ వంటి చోట్ల వినియోగం

హైదరాబాదు పాతబస్తీలో చార్మినార్‌కు పడమటి వైపున్న లాడ్ బజార్ లక్క గాజులకు ప్రసిద్ధి. హైదరాబాదు లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. లక్కను నిప్పుల మీద వేడిచేసి, సాగదీసి, చుట్టి, వేడి ఆరకముందే రాళ్ళు పొదుగుతారు. వేసవిలో 40 డిగ్రీలు దాటే ఎండకు ఈ సెగ తోడైతే చెమట ఎంతగా పడుతుందో చెప్పనక్కరలేదు. చల్లని గదిలో చక్కగా అంటుకున్న జిగురు ఇటువంటి పనిలో నిలవడం కష్టం. గాజులు మణికట్టు వద్ద ఉంటాయి గనుక సెన్సారుకు అడ్డురావు. బిగుతైన రవిక చేయి అంచు మాత్రం దానికి ఒరుసుకొనే అవకాశమున్నది. లిబ్రే రీడింగును దుస్తుల మీదుగానే తీసుకోవచ్చును కనుక బురఖా ధరించిన స్త్రీలు చేయి బయటపెట్టనవసరం లేదు.

రంజాన్ నెలలో ఈ బజారు అర్ధరాత్రి దాటాక కూడా కిటకిటలాడుతుంది. పగలంతా ఉపవాసముండి ఇన్సులిన్ గాని, గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు గాని వాడేవారికి ఇఫ్తార్‌కు ముందు గంటల్లో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చును. 13 దేశాల్లో 2001లో జరిపిన ఎపిడియార్ అధ్యయనంలో, రంజాన్‌లో తీవ్రంగా చక్కెర పడిపోవడం టైప్ 1 రోగులలో 4.7 రెట్లు, టైప్ 2 రోగులలో 7.5 రెట్లు పెరిగినట్లు తేలింది. గ్లూకోజ్ 70 మిల్లీగ్రాములకు (డెసీలీటరుకు) తగ్గినా, 300కు మించినా ఉపవాసం విరమించాలని అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. వేలు గుచ్చి పరీక్షించుకుంటే ఉపవాసం భంగమవుతుందని కొందరు వెనుకాడతారు గాని, అలా భంగం కాదని ఆ మార్గదర్శకాలు స్పష్టం చేస్తున్నాయి. లిబ్రే తొలి నమూనాలో హెచ్చరిక మోత ఉండేది కాదు. బేరాల సందడిలో ఉన్న వ్యాపారి తానే గుర్తుపెట్టుకొని చూసుకోవలసి వచ్చేది. తరువాతి నమూనాలలో ఈ సదుపాయం చేర్చారు.

పరిమితులు

సెన్సారు పెట్టిన మొదటి రోజు రీడింగులు అంత ఖచ్చితంగా ఉండవు. నిద్రలో ఆ చేతిపై ఒత్తిగిలితే లేని తగ్గుదల కనిపించవచ్చును. విటమిన్ సి ఎక్కువ మోతాదులో తీసుకుంటే కొన్ని సెన్సార్లలో అంకె పెరుగుతుంది. వణుకు, చెమటలు వంటి లక్షణాలకూ అంకెకూ పొంతన లేనపుడు వేలి రక్తంతో సరిచూసుకోవాలి. ఒక్కో సెన్సారుకు కొన్ని వేల రూపాయలు కావడం వలన చాలామంది దీనిని ఏడాది పొడవునా వాడలేరు. వైద్యుని సలహాతో రంజాన్ వంటి సమయంలో రెండు వారాలు వాడి, మందుల మోతాదును, వేళలను సరిచేసుకొనే పద్ధతి కూడా ఉన్నది.

సూది లేకుండానే చక్కెరను కొలుస్తామని చెప్పే ఉంగరాలు, చేతి గడియారాలు ఆన్‌లైనులో విరివిగా అమ్ముతున్నారు. అటువంటి వాటిలో దేనికీ తాము అనుమతి ఇవ్వలేదని అమెరికా ఆహార, ఔషధ పాలనా సంస్థ 2024 ఫిబ్రవరిలో హెచ్చరించింది.