తుపాకీ హక్కు కథ



కత్తిపీట లేని వంటిల్లు ఉండదు. తుపాకీ ఉన్న ఇల్లు మటుకు మన వీధుల్లో వెతికినా కనిపించదు. దీని వెనుక పెద్ద కథే ఉందండీ.

1878లో లిట్టన్ ప్రభువు ఆయుధాల చట్టం తెచ్చాడు. మనవాళ్ళు తుపాకీ ఉంచుకోవాలంటే లైసెన్సు కావాలి, దొరలకు మాత్రం మినహాయింపు! ఆ వివక్షే మనవాళ్ళను ఎక్కువ బాధించింది.

మన్యంలో కొండవాళ్ళ చేతుల్లో విల్లంబులు, ఎదుట సర్కారు తుపాకులు. అందుకే 1922 ఆగస్టు 22 మొదలు మూడు రోజుల్లో అల్లూరి సీతారామరాజుగారి దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లపై దాడిచేసి, 26 తుపాకులూ, సుమారు 2,500 తూటాలూ పట్టుకుపోయింది.

1931లో కరాచీ కాంగ్రెసు, నిబంధనలకు లోబడి ఆయుధం ధరించటం పౌరుల హక్కని తీర్మానించింది. కాని 1948 డిసెంబరులో రాజ్యాంగసభలో కామత్‌గారు ఆ హక్కే కోరితే అంబేద్కర్‌గారు ఒప్పుకోలేదు. అందరికీ ఇస్తే దొంగలకూ, దోపిడీగాళ్ళకూ ఇచ్చినట్టే గదా అన్నారు. ఆయుధాలు లేకుండా శాంతియుతంగా సమావేశమయ్యే హక్కు మాత్రం రాజ్యాంగంలో చేరింది. 1959లో పాత చట్టం స్థానే కొత్తది వచ్చింది. 2019 సవరణతో లైసెన్సుదారుకు మూడు తుపాకుల బదులు రెండే అన్నారు.

మరి రాజుగారు చేసింది తప్పా అని పిల్లలు అడగవచ్చు. అప్పటి చట్టం చేసింది పరాయివాళ్ళు, దాన్ని మార్చమనే దారి కొండవాళ్ళకు లేదు. ఈనాడు చట్టం నచ్చకపోతే మార్చమని అడగటానికి మనకు ఓటుందని చెప్పండమ్మా.